నిలిచి గెలుచుటా? గెలిచి నిలుచుటా?

‘దినదినగండము, నూరేండ్లాయుష్షు’ అను సామెత ఎవరిని చూచి పుట్టినదో గాని, నేటి వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బుల మేనేజర్లకు దానిలో మొదటి సగము చక్కగా సరిపోవును. రెండవ సగము మాత్రము వారికి వర్తింపదు. నూరేండ్ల మాట అటుండగా, నియమింపబడిన పదవిలో రెండేండ్లు నిండుటయే పెక్కుమందికి దుర్లభము. ఇంగ్లాండులో లెస్టర్ సిటీ అను చిన్న క్లబ్బు 2016 మే నెలలో దేశమంతయు నివ్వెరపోవునట్లు లీగు విజేతగా నిలిచెను. ఆ విజయమును సాధించిన మేనేజరు క్లాడియో రనియేరి. ఊరూర ఆయన పేరు మారుమ్రోగెను. తొమ్మిది నెలలు గడచినవి. 2017 ఫిబ్రవరిలో, వరుస ఓటములు కలుగగా, ఆ క్లబ్బే ఆయనను తొలగించెను.

మేనేజరనగా జమాఖర్చులు వ్రాయు ఉద్యోగి కాడు. ఏ ఆటగాండ్రు బరిలోనికి దిగవలెనో నిర్ణయించువాడు, వారిని తీర్చిదిద్దువాడు, ఆట నడుమ ఎవరిని వెనుకకు పిలువవలెనో చెప్పువాడు అతడే. ఆటలో బంతిని ముట్టనివాడును అతడే. అయినను గెలుపోటముల భారమంతయు అతని తలపైననే పడుచున్నది.

ఇందులకు కారణము లేకపోలేదు. ఇంగ్లాండులోని ప్రథమశ్రేణి పోటీయగు ప్రీమియర్ లీగునందు 20 క్లబ్బులు కలవు. ఒక్కొక్క జట్టు ఏటికి 38 ఆటలాడును. చివరకు అట్టడుగున మిగిలిన మూడు జట్లు క్రింది శ్రేణికి దిగిపోవును. అట్లు దిగిన క్లబ్బునకు టెలివిజన్ ప్రసారముల వలన లభించు ధనములో పెద్ద భాగము పోవును. మంచి ఆటగాండ్రు వేరుచోటు వెదకుకొందురు. కనుక వరుసగా నాలుగు ఓటములు సంభవింపగానే యజమానికి కంటికి కునుకు రాదు. ఏదో ఒకటి చేయవలెను. ఆటగాండ్రను మార్చుదమన్నచో, వారి క్రయవిక్రయములకు ఏటికి రెండు గడువులు మాత్రమే కలవు. వారితో చేసికొన్న ఒడంబడికలు ఏండ్ల తరబడి సాగును. ఇరువదియైదుగురిని మార్చుట అసాధ్యము, ఒక్కని మార్చుట సులభము. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, జట్టుమీది కోపము మేనేజరుపై తీరును. ప్రేక్షకులకు కొంత ఊరట. యజమానికి తాను ఊరకుండలేదను తృప్తి.

ఈ పద్ధతిని నిందించువారు తరచుగా ఒకే మాట చెప్పుదురు: మేనేజరును నిలువనిచ్చిన క్లబ్బులే ఘనకీర్తి నార్జించినవి, కనుక నిలుకడయే గెలుపునకు మూలము. వినుటకు ఇది న్యాయముగానే ఉన్నది. కాని ఎదుటివారి ప్రశ్నయును తోసివేయదగినది కాదు. దీర్ఘకాలము నిలిచినవారు నిలిచినందువలన గెలిచిరా? లేక గెలిచినందువలననే నిలువగలిగిరా? గెలుచువానిని ఎవరు తొలగింతురు? ఏది కారణము, ఏది కార్యము? ఈ ముడి విప్పనిదే నిలుకడను పొగడుట గాని, తెగడుట గాని వ్యర్థము.

నిలుకడకు సాక్ష్యముగా అందరును ముందుగా చూపునది అలెక్స్ ఫెర్గుసన్ చరిత్రము. ఆయన 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బునకు మేనేజరయ్యెను. 1967 తరువాత ఆ క్లబ్బునకు లీగు విజయము లేదు. ఆయన వచ్చిన తరువాతను వెంటనే ఏమియు మారలేదు. మొదటి యేడు 11వ స్థానము. రెండవ యేడు 2వ స్థానము. మూడవ యేడు తిరిగి 11. నాలుగవ యేడు 13. 1989 సెప్టెంబరులో అదే నగరమునకు చెందిన ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ 5–1 తేడాతో ఓడించి అవమానించెను. ఆ యేడు డిసెంబరులో, మూడేండ్ల సాకులు చాలునని, ఇక సెలవని వ్రాసిన గుడ్డను సొంత ప్రేక్షకులే మైదానములో ఎత్తి చూపిరి. 1990 జనవరి 7వ తేదీన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టుతో కప్పు పోటీ జరిగెను. ఓడినచో ఆయన పని ముగిసినట్లేయని పత్రికలు వ్రాసెను. మార్క్ రాబిన్స్ అను యువకుడు చేసిన ఒకే ఒక గోలుతో యునైటెడ్ గట్టెక్కెను. ఆ మే నెలలో ఎఫ్.ఏ. కప్పు లభించెను. 1993 లో లీగు విజయము లభించెను. ఇరువదియారేండ్ల నిరీక్షణ తీరెను. 2013 లో ఆయన విరమించునాటికి లీగు విజయములు 13, ఐరోపా ఛాంపియన్ల కప్పులు రెండు, అన్నియు కలిపి 38 బహుమానములు.

ఈ కథను చెప్పువారు రాబిన్స్ గోలువద్ద ఆగిపోవుదురు. అదృష్టము ఆయనను కాపాడినదని కొందరు, ఓర్పు ఫలించినదని కొందరు అందురు. చూడవలసినది మరియొకటి కలదు. 13వ స్థానమును చూపు ఆ పట్టికలో కనిపించని పని ఒకటి అప్పటికే జరుగుచుండెను. ఫెర్గుసన్ వచ్చిన వెంటనే బాలుర జట్లపై దృష్టి నిలిపెను. ఊళ్లలో తిరిగి పిల్లల ఆటను చూచివచ్చు పరిశీలకుల సంఖ్యను పెంచెను. 1987 లో పదునాలుగేండ్ల ర్యాన్ గిగ్స్ ఆ క్లబ్బులో చేరెను. గిగ్స్, డేవిడ్ బెక్‌హామ్, గ్యారీ నెవిల్, నిక్కీ బట్ ఉన్న జట్టు 1992 లో ఇంగ్లాండు యువజన కప్పును గెలుచుకొనెను. 1999 మే 26వ తేదీన బార్సిలోనా నగరములో బేయర్న్ మ్యూనిక్ జట్టును ఓడించి యునైటెడ్ ఐరోపా విజేత అయినపుడు, ఆట ఆరంభమున బరిలో నిలిచిన పదునొకండుగురిలో ఈ నలువురును కలరు. గిగ్స్ చేరిక నుండి ఆ రాత్రి వరకు పండ్రెండేండ్లు నడచినవి. పదునాలుగేండ్ల బాలుడు ఏ పాయింట్ల పట్టికలోను కనిపించడు. 1990 జనవరిలో పట్టికను మాత్రమే చూచినవానికి ఫెర్గుసన్ ఓడిన మనిషి. బాలుర మైదానమునకు పోయి చూచినవానికి ఆయన నారు పోసి నీరు పెట్టుచున్న రైతు.

అయితే ఇంతటితో తీర్పు చెప్పుట న్యాయము కాదు. ఓపికతో గెలిచినవాని కథ పుస్తకములకెక్కును; ఓపికపట్టియు ఓడినవాని కథను ఎవరును వ్రాయరు. నాలుగేండ్లు గడువిచ్చినను ఏమియు సాధింపలేకపోయిన మేనేజర్లును ఉందురు. వారి పేర్లు జనులకు గుర్తుండవు గనుకనే ఫెర్గుసన్ ఉదాహరణము అంత బలముగా తోచుచున్నది. పంట పండిన పొలమును మాత్రమే చూచి, ప్రతి విత్తును మొలకెత్తునని చెప్పుట వంటిది ఇది.

తొలగించుటయే మేలనువారి వాదమునకును అట్టి లోపమే కలదు. మేనేజరు మారిన వెంటనే జట్టు గెలుచుట తరచుగా కానవచ్చును. దానిని చూచి, చూచితిరా, మార్పు ఎట్లు ఫలించెనో యందురు. నెదర్లాండ్సు దేశపు అర్థశాస్త్రజ్ఞుడు బాస్ టెర్ వీల్ 1986 నుండి 2004 వరకు ఆ దేశపు లీగులో జరిగిన మార్పులను పరిశీలించి 2011 లో తన పరిశోధనను ప్రకటించెను. మేనేజరును మార్చిన క్లబ్బులు పిమ్మట కొంత కోలుకొన్న మాట నిజమే. కాని అట్టి దురవస్థలోనే ఉండియు మేనేజరును మార్చని క్లబ్బులును ఇంచుమించు అట్లే కోలుకొన్నవి. వరుసగా ఓడుటలో దురదృష్టమునకును కొంత పాలుండును. అది ఎల్లకాలము సాగదు. జ్వరము దిగు సమయమునకు వచ్చిన వైద్యునికి హస్తవాసి మంచిదని పేరు వచ్చినట్లు, ఓటములు ముగియు వేళకు వచ్చిన మేనేజరునకు ఘనత దక్కుచున్నది.

ఇక నిలుకడవాదులు తప్పించుకొన జూచు ఉదాహరణ మొకటి కలదు. అది లండనులోని చెల్సీ క్లబ్బు. 2003 లో రష్యా ధనికుడు రోమన్ అబ్రమోవిచ్ దానిని కొనెను. ఆయన యాజమాన్యము 2022 వరకు సాగెను. ఆ కాలమున మేనేజర్ల రాకపోకలకు లెక్కలేదు. అయినను అయిదు లీగు విజయములు, రెండు ఐరోపా ఛాంపియన్ల కప్పులు లభించినవి. 2012 మార్చిలో ఆంద్రే విల్లాస్ బోయస్‌ను తొలగించి, అతని సహాయకుడైన రొబెర్టో డి మట్టెయోకు తాత్కాలికముగా భారమప్పగించిరి. మే నెలలో అదే జట్టు ఐరోపా విజేత అయ్యెను. ఆ నవంబరులోనే డి మట్టెయోను కూడ తొలగించిరి! 2021 జనవరిలో థామస్ టుఖెల్ వచ్చెను. నాలుగు నెలలలో మరల ఐరోపా కప్పు గెలిచెను. 2022 సెప్టెంబరులో ఆయనను పంపివేసిరి. నిలుకడయే గెలుపునకు మూలమైనచో ఇది ఎట్లు పొసగును?

2012 నాటి ఆ జట్టును కొంచెము నిదానించి చూచినచో సమాధానము దొరకును. గోలు కాచిన పీటర్ చెక్, ఆ రాత్రి జట్టు నాయకుడు ఫ్రాంక్ లాంపార్డ్, చివరి నిమిషములలో గోలు చేసి ఆటను సరిసమానము చేసిన డిడియే ద్రోగ్బా, ఈ మువ్వురును 2004 నుండి కలిసి ఆడుచున్నవారు. ఎనిమిదేండ్ల సహవాసము! మేనేజర్లు వచ్చుచు పోవుచుండగా, ఆ జట్టునకు తానెవరో, ఎట్లాడవలెనో గుర్తున్నది. ఆ జ్ఞాపకము మేనేజరు కుర్చీలో లేదు, ఆటగాండ్రలో ఉన్నది. అనగా చెల్సీలో నిలుకడ లేదనుట పొరపాటు. అది జనులు వెదకుచోట లేదు, అంతే.

విషయము ఇచట కొంత తేటపడుచున్నది. క్లబ్బునకు కావలసినది ఒక మనిషి కుర్చీనంటిపెట్టుకొని ఉండుట కాదు, నేర్చినదానిని మరువకుండుట. ఆ నేర్పు ఎక్కడో ఒకచోట నిలిచియుండవలెను. ఒకచోట అది మేనేజరులో నిలుచును, ఒకచోట పాత ఆటగాండ్రలో, మరియొకచోట ఒక చిన్న గదిలో.

గది యనుట అతిశయోక్తి కాదు. 1959 డిసెంబరులో బిల్ షాంక్లీ లివర్‌పూల్ క్లబ్బునకు మేనేజరుగా వచ్చినపుడు ఆ జట్టు రెండవ శ్రేణిలో ఉండెను. ఆయన పాత శిక్షకులను తొలగింపలేదు. బాబ్ పైస్లీ, జో ఫాగన్ మొదలగువారిని తనతోనే ఉంచుకొనెను. ఆ మైదానములో ఆటగాండ్ర బూట్లు పెట్టు చిన్నగది ఒకటి ఉండెను. శిక్షకులందరును అచట కూర్చుండి, టీ త్రాగుచు, జరిగిన ఆటను, జరుగబోవు ఆటను గూర్చి మాటలాడుకొనెడివారు. ప్రతిదినపు శిక్షణను, ఆటగాండ్రకు తగిలిన దెబ్బలను పుస్తకములలో వ్రాసి ఉంచెడివారు. 1962 లో జట్టు మొదటి శ్రేణికెక్కెను. 1964 లో లీగును గెలిచెను. 1974 లో షాంక్లీ హఠాత్తుగా విరమించినపుడు నగరము దుఃఖించెను. కాని క్లబ్బు క్రుంగలేదు. ఆ గదిలోని పైస్లీయే మేనేజరై, తొమ్మిదేండ్లలో ఆరు లీగు విజయములు, మూడు ఐరోపా కప్పులు తెచ్చెను. ఆయన తరువాత ఫాగన్ 1984 లో మరియొక ఐరోపా కప్పు తెచ్చెను. మనుష్యులు మారిరి, పని మారలేదు.

దీనికి ఎదురుగా మాంచెస్టర్ యునైటెడ్‌ను నిలిపి చూడవలెను. ఫెర్గుసన్ ఇరువదియారేండ్లు నేర్చినదంతయు ఆయనతోనే గడప దాటెను. తరువాత వచ్చిన డేవిడ్ మోయెస్‌తో ఆరేండ్ల ఒడంబడిక వ్రాసికొనిరి. క్లబ్బు ఓర్పు చూపదలచినదనుటకు అది సాక్ష్యమే. కాని ఆయన తనతో తన సహాయకులను తెచ్చుకొనెను. ఫెర్గుసన్‌కు తోడుగా ఉండిన శిక్షకులు వెడలిపోయిరి. పదినెలలకే, 2014 ఏప్రిల్‌లో, మోయెస్‌ను తొలగించిరి. నాటినుండి 2024 అక్టోబరు వరకు ఆ క్లబ్బు తొలగించిన మేనేజర్లు అయిదుగురు. ఇరువదియారేండ్ల నిలుకడ గల ఇల్లు పదేండ్లపాటు నిలుకడ లేక తడబడెను. ఎంత గొప్ప నిలుకడయైనను ఒక్కని యందే కూడబెట్టినచో, అతడు పోవునాడు ఖజానాయు పోవును.

మనిషికి కాలమెంత ముఖ్యమో, ఆ కాలమునకు హద్దును అంతే ముఖ్యము. ఈ రెండు పాఠములను ఒక్కని జీవితమే చూపినది. బ్రయన్ క్లఫ్ 1974 జులైలో లీడ్స్ యునైటెడ్ మేనేజరయ్యెను. అప్పటికది లీగు విజేత. డాన్ రెవీ పదుమూడేండ్లు పెంచిన జట్టు. అంతకు పూర్వము క్లఫ్ ఆ జట్టు ఆటతీరును బహిరంగముగా నిందించియుండెను. ఆ ఆటగాండ్ర మనస్సు ఆయనకు దక్కలేదు. ఆయన ప్రాణమిత్రుడు, సహాయకుడునగు పీటర్ టేలర్ వెంట రాలేదు. 44 దినములలో కథ ముగిసెను. నాలుగు నెలలకు, 1975 జనవరిలో, అదే మనిషి రెండవ శ్రేణిలోని నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బున చేరెను. ఆ యేడు 16వ స్థానము, మరుసటి యేడు 8వ స్థానము. టేలర్ వచ్చి కలిసెను. 1977 లో మొదటి శ్రేణికెక్కిరి. 1978 లో లీగును గెలిచిరి. 1979, 1980 సంవత్సరములలో వరుసగా ఐరోపా కప్పును గెలిచిరి. 44 దినములలో పనికిరానివాడైన మనిషి అయిదేండ్లలో ఐరోపాకే పెద్దయయ్యెను. మనిషి మారలేదు, అతనికి దక్కిన నేల మారెను, గడువు మారెను.

కాని క్లఫ్ ఫారెస్ట్‌లో పదునెనిమిదేండ్లుండెను. 1993 లో ఆయన చివరి యేట ఆ జట్టు లీగులో అట్టడుగున నిలిచి క్రింది శ్రేణికి దిగిపోయెను. గెలుపు తెచ్చిన నిలుకడయే అప్పటికి మొగమాటమైయుండెను. లండనులోని ఆర్సెనల్ క్లబ్బున ఆర్సెన్ వెంగర్ 1996 నుండి 2018 వరకు ఇరువదిరెండేండ్లు మేనేజరుగా నుండెను. 2003–04 లో 38 లీగు ఆటలలో ఒక్కటియు ఓడక లీగు గెలిచిన కీర్తి ఆయనది. తరువాతి పదునాలుగేండ్లలో మరల లీగు విజయము లేదు. చివరి దినములలో ప్రేక్షకుల నడుమ చీలికలు, సగము ఖాళీ ఆసనములు. ఆయన చేసిన మేలును మరువరాదు. ఆ మేలే తీర్పునకు అడ్డు రారాదు. నిలుకడ యనునది బ్రతికియున్నంతకాలపు పట్టా కాదు.

కాలమివ్వగలుగుట ధనవంతుల భోగమని కొందరు తలంతురు. నిజము అందుకు విరుద్ధము. ఫ్రాన్సులో ఓసెర్ అను చిన్నపట్టణము కలదు. జనసంఖ్య నలువదివేలకు మించదు. 1961 లో గీ రూ అను ఇరువదిరెండేండ్ల యువకుడు ఆ ఊరి ఔత్సాహిక జట్టునకు శిక్షకుడయ్యెను. 1980 లో ఆ జట్టు దేశపు మొదటి శ్రేణికెక్కెను, పంతొమ్మిదేండ్లు పట్టినది. 1996 లో ఫ్రాన్సు లీగును, కప్పును ఒకే యేట గెలిచెను. నడుమ కొద్దిపాటి విరామములు తప్ప, 2005 వరకు గీ రూ అక్కడనే పనిచేసెను. ఆటగాండ్రను కొనుటకు పెద్ద నగరములతో పోటీపడు ధనము ఆ ఊరికి లేదు. కనుక కుఱ్ఱవాండ్రను తెచ్చి పెంచెను. తరువాత మాంచెస్టర్‌లో పేరుగాంచిన ఎరిక్ కాంటోనా అట్లు అక్కడ పెరిగినవాడే. ధనము లేనివానికి కాలమే పెట్టుబడి. ధనమును లేక, ఓర్పును లేనివానికి ఏమియు మిగులదు.

ఈ చర్చను ఇంగ్లాండు, ఫ్రాన్సులలోనే ముగింపనక్కరలేదు. తెలుగునేల మీదనే ఒక ఉదాహరణము కలదు. అది కోట్ల ధనముతో నడచు వృత్తి ఫుట్‌బాల్ కాదు. కాని శిక్షకునికి కాలము దొరకినచో ఏమి జరుగునో దానికంటె చక్కగా చెప్పునది లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909 లో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. వృత్తిచేత హైదరాబాదులో పాఠశాల ఉపాధ్యాయుడు. 1943 లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, మరణించు వరకు ఇరువదియేండ్లు ఆ పదవిలో నుండెను. బాలురకు ఆయన పెట్టిన పోటీలలోనే ఉపాధ్యాయుడు కనిపించును. బంతిని కాలితో నడుపుకొనుచు పోరాదు, వెంటనే తోటివానికి అందింపవలెననునది ఒక పోటీ. బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలెననునది మరియొకటి. తప్పును దండించుటకు మారుగా, తప్పు సవరింపబడునట్లు ఆటనే మలచెను. 1950 నుండి ఆయన శిక్షణలోనున్న హైదరాబాదు నగర పోలీసు జట్టు, ఆ యేడు మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలుచుకొనెను.

1951 లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు స్వర్ణపతకము పొందెను. మరుసటి యేడే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయెను. భారత ఆటగాండ్రలో పెక్కుమంది వట్టికాళ్లతో ఆడిరి. నేటి వృత్తి క్లబ్బులో పది గోళ్ల ఓటమి తరువాత శిక్షకునికి సామాను సర్దుకొను వ్యవధి కూడ దొరకదు. అప్పుడట్లు జరుగలేదు. నడుమ కొన్ని పోటీలకు ఇతరులు శిక్షకులుగా పోయినను, రహీం తలుపు మూసివేయబడలేదు. బూట్లు ధరించి ఆడుట తప్పనిసరి అయ్యెను; ఆటతీరు మారెను. 1956 లో మెల్బోర్న్ ఒలింపిక్సునకు మరల ఆయనయే శిక్షకుడు. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేయగా ఆస్ట్రేలియాను 4–2 తో ఓడించి భారతదేశము సెమీఫైనలు చేరెను. ఆసియా ఖండమునుండి ఒలింపిక్ ఫుట్‌బాలులో అంతవరకు పోయిన మొదటి జట్టు అదియే. అక్కడ ఎదురైనది మరల యుగోస్లావియాయే. మొదటి గోలును భారతదేశమే చేసెను. చివరకు 4–1 తో ఓడెను. పది గోళ్ల నుండి నాలుగు గోళ్లకు నడచిన ఆ నాలుగేండ్ల దూరమును గెలుపుల పట్టిక చూపదు. అందులో రెండును ఓటములే కదా!

1962 లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలనాటికి రహీం క్యాన్సరు వ్యాధిగ్రస్తుడు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2–0 తో ఓడించెను. పిమ్మట రక్షకుడైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. రహీం అతనిని కూర్చుండబెట్టలేదు. ముందు వరుసకు పంపెను. సెమీఫైనలులోను, ఫైనలులోను అతడు గోళ్లు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన అదే దక్షిణ కొరియాను 2–1 తో ఓడించి భారతదేశము స్వర్ణపతకము నందుకొనెను. ఒక ఆటగానిని ఎక్కడ నిలిపినచో ఏమి చేయగలడో ఒక్క వారములో తెలియదు. ఏండ్ల తరబడి ఎరిగినవానికే అట్టి సాహసము చెల్లును. ఆ జట్టులోని సికిందరాబాదు వాసి తులసీదాస్ బలరాం మెల్బోర్న్‌లోను, రోములోను ఆడి జకార్తాకు వచ్చినవాడే.

1963 జూన్ 11వ తేదీన రహీం కన్నుమూసెను. ఆయన తీర్చిన ఆటగాండ్రు మిగిలియున్నందున 1964 ఆసియా కప్పులో భారతదేశమునకు రెండవ స్థానము లభించెను. 1970 ఆసియా క్రీడలలో కాంస్యపతకము వచ్చెను. ఆ తరువాత 2023 లో జరిగిన ఆసియా క్రీడల వరకు ఫుట్‌బాలులో ఒక్క పతకమైనను లేదు. ఈ పతనమునకు కారణములు అనేకములు. ఒక్కని మరణముపై వాటినన్నిటిని మోపుట సరికాదు. కాని లివర్‌పూల్‌లోని ఆ చిన్నగది వంటిది ఆయన వెనుక నిలువలేదు. ఆయనకు కాలమిచ్చినవారు, ఆయన చేసినదానిని కాపాడు ఏర్పాటు చేయలేదు.

కనుక మొదటి ప్రశ్నకు సమాధానము రెండు మాటలలో లేదు. గెలిచినందున నిలిచినవారు కలరు. నిలిచినందున గెలిచినవారును కలరు. కాని ఏ గెలుపైనను, ఎక్కడో ఒకచోట నేర్పు నిలువక వచ్చినది కాదు. మేనేజరును తొలగింపదలచిన యజమాని, గడచిన శనివారము గెలిచెనా అని అడుగుట చాలదు. పట్టికలో కనిపించని పని ఏదైన జరుగుచున్నదా? అది ఏటికేడు పెరుగుచున్నదా? అతడు రేపు లేకపోయినచో ఆ పని తెలిసినవాడు మరియొకడు కలడా? మొదటి రెండింటికి అవునను జవాబు వచ్చినచో ఓడుచున్నవానినైనను ఉంచవలెను. కాదని వచ్చినచో గెలుచుచున్నవానిని గూర్చియైనను ఆలోచింపవలెను. మూడవదానికి కాదని వచ్చినచో, మేనేజరు మాట అటుంచి, యజమాని తన్ను తానే ప్రశ్నించుకొనవలెను.

ఈ ప్రశ్నలు పాఠశాలలకును కొత్తవి కావు. మార్చిలో జరుగు పరీక్షల ఉత్తీర్ణుల శాతమును చూచి ఉపాధ్యాయుని తూచువారు, ఆరవ తరగతిలో ఆయన చేతపట్టి అక్షరదోషములు దిద్దిన బాలుని ఎన్నడును చూడరు. ఆ బాలుని ఫలితము వచ్చునాటికి ఆ ఉపాధ్యాయుడు వేరొక ఊరికి బదిలీయై యుండును. రహీం సాహెబు చేత ఆట నేర్చినవారు ఆయనను చివరి వరకు గురువుగానే తలచిరి. బలహీనమైన కాలితో బంతిని తన్నుట నేర్చుకొను బాలుడు మొదట పదేపదే గురి తప్పును. ఆ తప్పిన బంతులను లెక్కించి శిక్షకుని పంపివేసినచో, అతనికి రెండవ కాలు ఎన్నటికిని రాదు.